రైలు సరుకు రేటు రాష్ట్రం చేతిలో ఉంటుందా? వబాష్ తీర్పుపై సందేహం

కడప లా స్టూడెంట్:
మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా కోర్టు పోటీ)కు మెమోరియల్, అంటే రాతపూర్వక వాదన, రాస్తున్నా. ఎర్రగుంట్ల సిమెంటు రైల్లో విజయవాడకు పోతుంది, రాష్ట్రం దాటదు. ఆ కిరాయికి శాసనసభ చట్టం చేసి పైహద్దు పెట్టిందనుకోండి. రాష్ట్రం లోపలి రేటు రాష్ట్రానిదేనని 1886 నాటి అమెరికా వబాష్ తీర్పు చెప్పిందంటారు కదా, రాష్ట్రం తరఫున దాన్ని వాడొచ్చా?

గుంతకల్లు వకీలు:
వాడితే మీకే తిరగబడుతుంది. వబాష్‌లో సరుకు అమెరికా రాష్ట్రం ఇల్లినాయి నుంచి న్యూయార్క్‌కు పోయింది. ఆ రాష్ట్రంలోని పియోరియా ఊరి నుంచి వంద పౌండ్లకు 15 సెంట్లు, గిల్మన్ నుంచి 25. గిల్మనేమో న్యూయార్క్‌కు 86 మైళ్లు దగ్గర! దగ్గరి ఊరికి ఎక్కువ కిరాయి గుంజకూడదని ఇల్లినాయి చట్టం. బండి రాష్ట్రం దాటుతోంది కాబట్టి, ఇల్లినాయి లోపల నడిచే ముక్కకు కూడా ఆ చట్టం చెల్లదంది సుప్రీంకోర్టు. అంటే రాష్ట్రం ఓడిన కేసు అది. మరుసటి ఏడే, 1887లో, అమెరికా కేంద్ర ప్రభుత్వం అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ పెట్టింది.

పూర్తిగా రాష్ట్రం లోపలే తిరిగే సరుకు మాత్రం రాష్ట్రాల చేతిలో మిగిలింది, మీరు విన్నది ఆ మేరకు నిజం. కానీ 1914 ష్రీవ్‌పోర్ట్ తీర్పు చదవకుండా నిలబడొద్దు, బెంచి మొదట అడిగేది అదే. డల్లాస్ నుంచి మార్షల్‌కు 147.7 మైళ్లు, రెండూ టెక్సాస్‌లోనే, బండ్లను సరుకుగా రైల్లో పంపడానికి 36.8 సెంట్లు. పక్క రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్ నుంచి అదే మార్షల్‌కు 42 మైళ్లే, 56 సెంట్లు. టెక్సాస్ లోపలి తక్కువ రేటు అవతలి వ్యాపారిని దెబ్బతీస్తోంది కాబట్టి లోపలి రేటు మీద కూడా కేంద్ర కమిషన్ చెయ్యి వేయొచ్చని తేల్చారు.

రేట్ సర్క్యులర్:
పైన చెప్పినదంతా సరే, మన రాజ్యాంగంలో ఆ గీతే లేదు. ఏడో షెడ్యూలు మొదటి జాబితా (కేంద్రం అధికారాల జాబితా) 22వ పద్దులో ఉన్నది "రైల్వేలు" అన్న ఒక్క మాట. లోపలా బయటా అన్న తేడా పెట్టలేదు. ఎర్రగుంట్ల నుంచి విజయవాడకైనా చెన్నైకైనా 1989 రైల్వే చట్టం సెక్షన్ 30 కింద రేటు పెట్టేది కేంద్రమే. రాష్ట్ర జాబితా 13వ పద్దులో రోడ్లు, వంతెనలు చూపించి రాష్ట్రం వైపు లాగుతారు కొందరు. అదే పద్దులో "మొదటి జాబితాలో లేని" రవాణా సాధనాలు అని ఉంది, రైల్వేలు మొదటి జాబితాలో ఉన్నాయి కాబట్టి వాళ్ల వాదన అక్కడే ఆగిపోతుంది.

కడప లా స్టూడెంట్:
మరి రేటు అన్యాయంగా ఉంటే ఫ్యాక్టరీవాళ్లు ఎక్కడికి పోవాలి సార్?

రేట్ సర్క్యులర్:
సెక్షన్ 36 కింద ఫిర్యాదు వేయాలి. ఒకరికి అనుచితంగా మొగ్గు చూపారని (సెక్షన్ 70), లేదా రెండు స్టేషన్ల మధ్య రేటు అసమంజసమని. పాత పుస్తకాలు చూసి రైల్వే రేట్స్ ట్రిబ్యునల్ పేరు రాయకండి, 2017 ఫైనాన్స్ చట్టంతో అది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో కలిసింది. సిమెంటును ఏ తరగతిలో వేశారన్న వాదన, డెమరేజ్ (వ్యాగన్లను గడువు దాటి ఆపినందుకు కట్టే రుసుము) రేటు మీద వాదన అక్కడ నడవవు, సెక్షన్ 37 అడ్డం.

రేటు సరైనదే, కట్టించుకున్నది ఎక్కువ అంటే దారి వేరు. సెక్షన్ 106(3) ప్రకారం డబ్బు కట్టిన రోజు, డెలివరీ అయిన రోజు, రెంటిలో ఏది తర్వాతిదైతే దాన్నుంచి ఆరు నెలల్లో నోటీసు చేరాలి. డబ్బు తీసుకున్న రైల్వేకే చేరాలి. ఎక్కువ మంది ఓడేది ఈ తేదీ దగ్గరే.