కొత్తగా నేర్చుకునేవారికి వెలుగునీడలు, రంగులు పట్టుబడే చిన్న ప్రాజెక్టులు ఏవి?

ప్రశ్న:
నమస్కారం. ఫొటో చూసి పెన్సిల్‌తో గీస్తే పోలికలు కుదురుతున్నాయి గానీ, బొమ్మ మాత్రం చదునుగా కనిపిస్తోంది. వాటర్ కలర్ వేస్తే రంగులన్నీ కలిసిపోయి బురదలా మారుతున్నాయి. గీత, షేడింగ్, రంగు వరుసగా నేర్చుకోవడానికి వీలైన ఒకటి రెండు ప్రాజెక్టులు దయచేసి సూచించగలరు.

జవాబు 1:
కొన్నాళ్లు ఫొటోలను పక్కన పెట్టండి. తెల్ల కాగితం మీద ఒక తెల్లని గుడ్డును ఉంచి, ఒక పక్క నుంచి మాత్రమే దీపం వెలుగు పడేలా చేసి, దాన్ని చూస్తూ గీయండి. అంతకుముందు కాగితం అంచున ఐదు గళ్లు గీసి, మొదటిదాన్ని ఖాళీగా వదిలి, చివరిదాన్ని 6బి పెన్సిల్‌తో వీలైనంత నల్లగా నింపి, మధ్యలోని మూడింటిని హెచ్‌బి, 2బి, 4బి పెన్సిళ్లతో క్రమంగా ముదురు చేయండి. గుడ్డు మీద ఏ చోటు ఏ గడికి సరిపోతుందో కళ్లు సగం మూసి పోల్చుకోవాలి. అలా ఓపికగా చూస్తే, ముదురు నీడ సరిగ్గా అంచున కాక కొంచెం లోపలగా పట్టీలా కనిపిస్తుంది. కింది కాగితం నుంచి తిరిగి పడే వెలుగు వల్ల అంచు మళ్లీ కాస్త తేలికపడుతుంది. కొత్తవారు ఎక్కువగా వదిలేసేది ఈ సన్నని వెలుగునే. దాన్ని పట్టుకుంటే గుండ్రదనం వస్తుంది, అయితే అది దీపం వైపు భాగమంత తెల్లగా మాత్రం ఉండకూడదు. గుడ్డు కాగితాన్ని తాకే చోట నీడ అన్నిటికన్నా నల్లగా ఉంటుంది.

జవాబు 2:
పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తాను. అదే గుడ్డును తరువాత బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు ఒక్కదానితోనే వేయండి. పలుచని కాగితం తడికి ఉబ్బి అలలుగా లేస్తుంది కాబట్టి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితం తీసుకోవడం మంచిది. వాటర్ కలర్‌లో తెలుపు అంటే వదిలేసిన కాగితమే. అందుకే లేత పూతతో మొదలుపెట్టి ముదురు వైపు వెళ్లాలి. మీరు చెప్పిన బురద సాధారణంగా రెండు కారణాల వల్ల వస్తుంది: సగం ఆరిన పూతను బ్రష్షుతో మళ్లీ కెలకడం, ఒకే చోట ఎక్కువ రంగులు కలపడం. కాగితాన్ని చేతి వెనుక భాగంతో తాకినప్పుడు చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ఆగవలసిందే. ఆ తరువాత అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ) అనే రెండు రంగులు చాలు. పాళ్లు మారుస్తూ కలిపితే వెచ్చని గోధుమ నుంచి చల్లని బూడిద వరకు, చిక్కగా కలిపితే దాదాపు నలుపు కూడా వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒకే వస్తువును పదేపదే వేస్తే విసుగు రాదా?

జవాబు 3:
దీపాన్ని పక్కకు జరిపితే బొమ్మ మొత్తం మారిపోతుంది కాబట్టి రాదనే నా నమ్మకం. ఇటలీ చిత్రకారుడు జార్జియో మొరాండి (1890–1964) అవే సీసాలను, కూజాలను దశాబ్దాల పాటు రకరకాలుగా అమర్చి చిత్రించారు. గుడ్డు తరువాత మీరు కూడా రెండు సీసాలను దగ్గరగా పెట్టి, వాటిని కాక వాటి మధ్య ఉన్న ఖాళీ ఆకారాన్ని ముందుగా గీయండి. సీసాల వంపులో పొరపాటు ఉంటే అక్కడే బయటపడుతుంది, షేడింగ్ మొదలుపెట్టకముందే దిద్దుకోవచ్చు.