వందలో 60 సిజేరియన్లు: మన రాష్ట్రంలో తల్లుల మరణాలు తగ్గింది వాటి వల్లేనా?

ప్రశ్న | కాబోయే నాన్న, సిద్దిపేట జిల్లా

నమస్కారం. మా ఆవిడకు ఏడో నెల, తొలి కాన్పు. ముహూర్తం చూసి ఆపరేషన్ చేయిద్దామని మా మామయ్య పట్టుబడుతున్నారు. "నొప్పులు పడటం ఎందుకు, తల్లీబిడ్డా క్షేమంగా ఉంటారు" అంటారు. మా అమ్మ ఒప్పుకోవట్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లేనట, ప్రైవేటులో 81.5 శాతమట. దేశం మొత్తం మీద 21.5 శాతమే. మన దగ్గర కాన్పుల్లో తల్లుల మరణాలు బాగా తగ్గాయని కూడా చదివాను. అంటే ఆపరేషన్లు ఎక్కువ కాబట్టే తల్లులు బతుకుతున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు | ఇద్దరు పిల్లల అమ్మ, కరీంనగర్

నాకు మొదటిది ప్రైవేటులో ఆపరేషన్. కుట్ల నొప్పికి పక్కకు తిరగలేకపోయేదాన్ని. బాబుకు ముందు డబ్బా పాలే పట్టారు. రెండోది సర్కారు దవాఖానలో, డాక్టరమ్మ పాత కుట్టు చూసి సరేనన్నాక నార్మల్ అయింది. పాప పుట్టగానే నా గుండెల మీద పడుకోబెట్టారు. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. మీ ఆవిడకేం కావాలో ఆమెనూ అడగండి.

జవాబు | లేబర్ రూమ్ సిస్టర్

తమ్ముడూ, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. సర్వీసులో ఎక్కువ భాగం కాన్పుల గదిలోనే గడిచింది. ముందు నీ అనుమానం సంగతి.

లక్ష మంది బిడ్డలు పుడితే చనిపోయే తల్లులు తెలంగాణలో 2014-16లో 81 మంది. 2018-20కి 43. దేశంలో అదే లెక్క 130 నుంచి 97కి దిగింది. ఇంచుమించు ఆ ఏళ్లలోనే మన సిజేరియన్లు 58 శాతం దగ్గర నుంచి 60.7కి వచ్చాయి, అంతే. మరణాలు సగానికి పడిపోతే ఆపరేషన్లు ఉన్నచోటే ఉన్నట్టు లెక్క. కేరళను చూడు. ఆ ఏళ్లలోనే అక్కడ సిజేరియన్లు 38.9 శాతం, తల్లుల మరణాలు 19. ఆపరేషనే ప్రాణం పోసేదైతే కేరళ మన వెనక ఉండాలి కదా!

తల్లి ప్రాణం పోయేది ఎక్కువగా కాన్పయ్యాక రక్తం ఆగకపోవడం వల్ల, బీపీ పెరిగి ఫిట్స్ రావడం వల్ల, ఇన్‌ఫెక్షన్ వల్ల. బిడ్డ బయటికి రాగానే తల్లి తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తాం. గర్భసంచి గట్టిపడి రక్తం తగ్గుతుంది. ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేట్ ఉంది. రెండూ ఖరీదైన మందులు కావు. కానీ అవి అందాలంటే ఆ తల్లి వేళకు ఆసుపత్రిలో ఉండాలి. 2005లో జననీ సురక్ష, 108 వచ్చాయి, 2017లో కేసీఆర్ కిట్ వచ్చింది. ఊళ్లో ఆశా అక్క వెంటపడి మరీ తీసుకొస్తుంది. 2019-21 సర్వే నాటికే రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో అయ్యాయి. ప్రాణాలు నిలబెట్టిన దాంట్లో పెద్ద వాటా దీనిదే అని నా నమ్మకం.

ఆపరేషన్ వద్దనను. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి ఉన్నా, బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా అదే దిక్కు, అప్పుడు ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు. ముహూర్తం కోసం కోయడమే నాకు కోపం తెప్పిస్తుంది. 39 వారాలు నిండకముందే తీస్తే కొందరు బిడ్డలకు ఊపిరి సరిగా అందదు, ఎగశ్వాసతో ఐసీయూకి పోతారు. తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టుకు అతుక్కుంటే రక్తం ఆపడం మహా కష్టం. మీ మామయ్యకు ఈ రెండు మాటలు నెమ్మదిగా చెప్పు.

పిల్లల సంగతికొస్తే, దేశంలో ఏడాది లోపు చనిపోయే బిడ్డలు 2013లో వెయ్యికి 40 మంది, 2023లో 25. పోయేవాళ్లలో ఎక్కువమంది మొదటి నెలలోనే పోతున్నారు. అందుకే ముర్రుపాల కోసం అంత పోరుతాం. అయినా 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో మొదటి గంటలో తల్లిపాలు అందినది 37.1 శాతం పిల్లలకే! ఆపరేషన్ తల్లి కూడా గంటలోపు పట్టగలదు, పక్కన సాయం ఉంటే చాలు.

ఇంత రాసి అసలుది అడగలేదు. ఆవిడ హిమోగ్లోబిన్ ఎంత? బీపీ ఎంత?

కాబోయే నాన్న

అక్కా, చాలా థాంక్స్. కార్డులో బీపీ 110/70 ఉంది. హిమోగ్లోబిన్ 9.2. "కొంచెం రక్తం తక్కువ" అన్నారంతే, మేం పెద్దగా పట్టించుకోలేదు.

లేబర్ రూమ్ సిస్టర్

బీపీ బాగుంది. రక్తం సంగతే చూడాలి. గర్భిణికి 11 ఉండాలి. మన రాష్ట్రంలో సగం మందికి పైగా గర్భిణులు ఇలాగే ఉన్నారు, అందుకే ఎవరికీ భయం వేయట్లేదు. కాన్పులో అర లీటరు రక్తం పోతే 11 ఉన్న తల్లి తట్టుకుంటుంది. 7 ఉన్న తల్లి తట్టుకోలేదు, నార్మలైనా ఆపరేషనైనా.

ఐరన్ మాత్రలు వేసుకుంటోందా, డబ్బాలో పెట్టేసిందా, నువ్వే చూడు. టీతో వద్దు, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. నిమ్మరసంతో మంచిది. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయొద్దు. వాంతులైతే రాత్రి అన్నం తిన్నాక వేయండి. నెల తర్వాత మళ్లీ పరీక్ష. పెరగకపోతే ఐరన్ ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగండి, తొమ్మిదో నెల దాకా ఆగొద్దు. ప్రతి నెలా 9న పీహెచ్‌సీలో గర్భిణులను ఉచితంగా చూస్తారు. ఈసారి నువ్వూ వెంట వెళ్లు. తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు ఏది కనిపించినా ఆ తేదీ కోసం చూడకుండా అదే రోజు తీసుకెళ్లు.