చేప ఎదగకపోతే తప్పు విత్తనానిదా, నీటిదా?

మత్స్య సహకార సంఘం సభ్యుడు, ఘట్‌కేసర్:
వానాకాలంలో మా చెరువులో వదిలిన బొచ్చె పిల్లలు ఎండాకాలం నాటికి అరకిలో కూడా తూగలేదు. పక్క ఊరి చెరువులో అదే కాలానికి కిలో దాటాయి. వలలో పడినవాటిలో కొన్నింటికి వెన్ను వంకరగా ఉంది. మాకు పిల్లలను అమ్మిన హేచరీ ఏళ్ల తరబడి ఒకే తల్లిచేపల సంతానాన్ని వాడుతోందని, విత్తనం చెడిపోవడమే దీనికి కారణమని నా నమ్మకం. కాదనేవారు దయచేసి కారణం చూపించండి.

జీవశాస్త్ర అధ్యాపకురాలు, తార్నాక:
విత్తనం మీద మీ అనుమానాన్ని నేను తోసిపుచ్చను. కానీ ఒకే విత్తనం నీటిని బట్టి వేర్వేరు శరీరాలను ధరించగలదని మరచిపోకూడదు. క్రూషియన్ కార్ప్ అనే ఐరోపా మంచినీటి చేప ఉన్న చెరువులోకి పైక్ అనే వేటచేపను వదిలితే, ఆ కార్ప్ శరీరం పైక్ నోటికి పట్టనంత ఎత్తుగా పెరుగుతుందని 1992లో ప్రచురితమైన స్వీడన్ పరిశోధన చూపింది. అదే చేప, నీటిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు, మొప్పల్లోని సన్నని రేకుల మధ్య నిండి ఉన్న కణాలను వదిలించుకుని, ఊపిరి అందే ఉపరితలాన్ని కొద్ది రోజుల్లోనే పెంచుకుంటుంది. ఆక్సిజన్ తిరిగి చాలినంత అందితే ఆ కణాలు మళ్ళీ నిండుతాయి. మీ చెరువును గుర్రపుడెక్క కప్పేసిందా? బొచ్చె పైనీటిలో సూక్ష్మజీవులను వడకట్టి తినే చేప. నీటి మీద ఎండ పడకపోతే వాటికి ఆధారమైన నాచే సరిగా పెరగదు, ఇక బొచ్చెకు మేత ఎక్కడిది?

చేపల రైతు, కైకలూరు (ప్రస్తుతం కూకట్‌పల్లి):
మా వైపు చేసే పనే దీనికి సాక్ష్యం. పిల్లలను ఇరుకు చెరువులో కిక్కిరిసేలా ఉంచి, మేత తగ్గించి, దాదాపు ఏడాది పాటు కావాలనే ఎదగనివ్వం. తరువాత విశాలమైన చెరువులో వదిలితే అవి మామూలు పిల్లల కంటే వేగంగా బరువెక్కుతాయి. విత్తనమే చెడ్డదైతే ఆ వేగం ఎక్కడి నుంచి వస్తుంది?

మత్స్య సహకార సంఘం సభ్యుడు:
గుర్రపుడెక్క చెరువులో సగం దాకా ఉంది, ఒప్పుకుంటాను. అయితే భువనేశ్వర్‌లోని కేంద్ర సంస్థ ఎంపిక పద్ధతిలో తయారుచేసిన జయంతి రోహు మామూలు రోహు కంటే వేగంగా పెరుగుతోంది కదా. తల్లిచేపలను ఎంచుకుంటే మేలు జరుగుతున్నప్పుడు, ఎంచుకోకుండా దగ్గరి సంబంధాలను కలుపుతూ పోతే కీడు జరగదా? వంకర వెన్నుకు గుర్రపుడెక్క ఏ విధంగా కారణమవుతుందో చెప్పండి.

జీవశాస్త్ర అధ్యాపకురాలు:
కీడు జరుగుతుంది, అందులో మీ వాదం న్యాయమైనదే. వంకర వెన్నుకు గుర్రపుడెక్కను నేను కారణంగా చూపలేను. అయితే దానికి దగ్గరి సంబంధాల సంతానం ఒక్కటే కారణం కానక్కరలేదు: చాలా చేపలు విటమిన్ సి ని తమ శరీరంలో తయారుచేసుకోలేవు, తవుడు, వేరుశనగ చెక్క మాత్రమే తిని పెరిగిన నర్సరీ పిల్లల్లో అది లోపిస్తే వెన్నెముక వంగుతుంది. గుడ్లు పొదిగే దశలో నీటి వేడి హద్దు మీరినా ఇదే జరగవచ్చు. కాబట్టి విత్తనమా, నీరా అన్నదాని కంటే, ఏ వయసులో ఏ నీరు అన్నది నాకు ముఖ్యమైన ప్రశ్నగా తోస్తుంది. మొప్పలు వెనక్కి మారతాయి, ఆగిన బరువు మేత దొరికితే అందుకుంటుంది, చిన్ననాడు వంగిన వెన్ను మాత్రం మళ్ళీ నిటారు కాదు. మీరు ఒక లక్షణంగా చూస్తున్నవి రెండు వేర్వేరు దెబ్బలు కావచ్చు, ఒకటి హేచరీలో, మరొకటి చెరువులో.

చేపల రైతు:
దీన్ని ఎలా తేల్చాలి?

జీవశాస్త్ర అధ్యాపకురాలు:
చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే గీతకు పైన, వీపు రెక్క కింద ఉన్న భాగం నుంచి ఒక్కో చేపకు నాలుగైదు పొలుసులు తీసి, కడిగి, భూతద్దం కింద చూడండి. నడిమి నుంచి అంచు దాకా సన్నని వలయాలు కనిపిస్తాయి. చేప బాగా పెరిగిన కాలంలో వాటి మధ్య ఎడం ఉంటుంది, పెరుగుదల మందగించినప్పుడు దగ్గరగా ముడుచుకుపోతాయి. నడిమి భాగం మసకగా, వలయాలు లేకుండా ఉంటే అది ఊడిపోయి మళ్ళీ మొలిచిన పొలుసు, దాన్ని పక్కన పెట్టండి. ఎడమైన వలయాల తరువాత అంచు వైపు బిగిసినవి వస్తే మొదట అనుమానించవలసింది మీ చెరువునే. నడిమి నుంచే బిగిసి ఉంటే విత్తనం మీద, నర్సరీ మీద అనుమానం బలపడుతుంది.

మత్స్య సహకార సంఘం సభ్యుడు:
పొలుసులు తప్పక చూస్తాము. అయినా విత్తనం మీద నా అనుమానం పోలేదు. వచ్చే వానాకాలం అదే హేచరీ పిల్లలను, వేరే హేచరీ పిల్లలను పొట్ట కింది రెక్క కొసలు వేర్వేరు వైపుల కత్తిరించి గుర్తుపెట్టి, మా చెరువులోనూ పక్క ఊరి చెరువులోనూ కలిపి వదలాలని సంఘంలో ప్రతిపాదిస్తాను.