బర్రెను బొలేరోలోకి ఎక్కించేది ఎట్లా? అర్జెంట్

దేవరకొండ రైతు:
పొద్దున్నుంచి ఇదే గోస. ముర్రా బర్రె, తక్కువలో తక్కువ అయిదు క్వింటాళ్లుంటుంది. నల్లగొండ పశువుల దవాఖానకు తీసుకుపోదామని బొలేరో మాట్లాడాం. ఇంతమందిమి పట్టినా ఎక్కడం లేదు. పలుపు పట్టి గుంజాం, వెనక నుంచి నెట్టాం, తలుపు చెక్క వాలుగా వేస్తే అది కాస్తా విరిగింది. డ్రైవరేమో వెయిటింగ్ ఛార్జీ అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

హాలియా డెయిరీ:
ముందు దుడ్డెను ఎక్కించండి, తల్లి దాని వెంటే వస్తుంది. పలుపు గుంజే కొద్దీ మొండికేస్తుంది.

కల్వకుర్తి పాత డ్రైవర్:
చెక్కలతో ఏం పని? బండినే కిందికి దింపాలి. కాలువ కట్టకో, పొలం ఒడ్డుకో రివర్సులో ఆనించి వెనక డోరు దించితే నేల, బాడీ ఒక్క ఎత్తుకు వస్తాయి. మధ్యలో సందు మిగిలితే ఇసుక బస్తాలు కుక్కండి, కాలు అందులో పడిందంటే విరిగినట్టే. బాడీలో రేకు మీద గిట్టలు జారుతాయి, ఇసుక పోసి పైన వరిగడ్డి పరవండి.

చట్టం తెలిసినవాడు:
అసలు డాక్టర్ సర్టిఫికెట్ ఉందా? 1978 పశు రవాణా నిబంధనల ప్రకారం ప్రయాణానికి పనికొస్తుందని పశువైద్యుడు రాసివ్వాలి. దారిలో ఆపితే ఏం చూపిస్తారు? ఈ గ్రూపులో ఎవరూ దీని గురించి మాట్లాడరు. కూరగాయల బండిలో పశువులను కుక్కి...

హాలియా డెయిరీ:
అన్నా, సంతకు కాదు, దవాఖానకు.

చట్టం తెలిసినవాడు:
ఎక్కడికైనా రూలు రూలే.

దేవరకొండ రైతు:
రూళ్లు తర్వాత చూద్దాం సారూ. దుడ్డె వెంట ఎట్లా వస్తుంది, బర్రె లేస్తే కదా! నిన్నటి నుంచి పడుకునే ఉంది.

మిర్యాలగూడ:
ఎప్పుడు ఈనింది?

దేవరకొండ రైతు:
మొన్న రాత్రి. దానికీ దీనికీ ఏం సంబంధం?

మిర్యాలగూడ:
పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. బొలేరోను పంపించేయండి.

రిటైర్డ్ కాంపౌండర్:
ఈ మాట మొదటే చెప్పాల్సింది కదా బాబూ. చెవులు పట్టుకుని చూడండి, చల్లగా ఉన్నాయా? మెడ పక్కకు తిప్పి పొట్ట మీద ఆనించుకుందా? అట్లయితే చాలావరకు ఒంట్లో కాల్షియం పడిపోయినట్టే. బాగా పాలిచ్చే బర్రెలకు ఈనిన మూడు రోజుల్లోపే ఇది ఎక్కువ. డాక్టరే కొట్టం దగ్గరికి వచ్చి నరానికి సీసా ఎక్కించాలి, అదీ నిదానంగా. తొందరపడితే గుండె ఆగుతుంది. అప్పటిదాకా ఒక పక్కకు పూర్తిగా ఒరగనీయొద్దు, పొట్ట ఉబ్బుతుంది. రెండు వైపులా గడ్డి మోపులు ఆనించి బోర్లా కూర్చోబెట్టండి, కొన్ని గంటలకోసారి పక్క మార్చండి. నోట్లో ఏమీ పోయొద్దు.

హాలియా డెయిరీ:
మా ఊర్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర కూడా సీసా ఎక్కిస్తాడు.

రిటైర్డ్ కాంపౌండర్:
ఆయన పని ఎదకొచ్చిన పశువుకు సూది వేయడం. దానికీ దీనికీ పోలిక లేదు.

హాలియా డెయిరీ:
డాక్టర్ దొరకనప్పుడు చూస్తూ కూర్చోమంటారా?

కల్వకుర్తి పాత డ్రైవర్:
ఒకవేళ కాలు జారి తుంటి దెబ్బతిని పడుకుంటే మాత్రం తీసుకుపోక తప్పదు. అప్పుడు దళసరి టార్పాలిన్ మీదికి దొర్లించి, టార్పాలిన్‌నే గుంజాలి. మెడకు తాడు కట్టి గుంజినవాళ్లను చూశాను, ప్రాణం దారిలోనే పోయింది. జేసీబీతో లేపితే వెడల్పాటి బెల్టు వేయాలి, ఇనుప గొలుసు వేయొద్దు. ట్రాక్టర్ ట్రాలీ కన్నా టాటా ఏస్ నయం, కిందికి ఉంటుంది.

చట్టం తెలిసినవాడు:
ఏస్‌లో ముర్రా పడుతుందా? నిబంధన చదివారా? ఒక్కో బర్రెకు రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు...

కల్వకుర్తి పాత డ్రైవర్:
పట్టింది సారూ. నేనే నడిపాను.

దేవరకొండ రైతు:
చెవులు చల్లగానే ఉన్నాయి. ఫోన్ చేశాం, డాక్టర్ బయలుదేరాడట. బొలేరో వాడు ఖాళీ బండికి సగం కిరాయి అడుగుతున్నాడు, ఇవ్వాలా?

మిర్యాలగూడ:
ఇవ్వండి.

హాలియా డెయిరీ:
ఎందుకివ్వాలి? బర్రె ఎక్కనేలేదు కదా.

కల్వకుర్తి పాత డ్రైవర్:
పొద్దున్నుంచి నిలబెట్టుకున్నారు. డీజిల్ ఎవరిస్తారు?