మా ఉన్నత పాఠశాల చిహ్నంలోని ఒంగోలు గిత్త గురించి ఎవరికైనా తెలుసా?

కనిగిరి ప్రాంతంలో నేను చదివిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల చిహ్నంలో తెరిచిన పుస్తకం, ప్రమిద, ఎత్తైన మూపురంతో ఒంగోలు గిత్త, అడుగున బృహదారణ్యకోపనిషత్తులోని ‘తమసో మా జ్యోతిర్గమయ’ అనే వాక్యం ఉంటాయి. పుస్తకం, ప్రమిద చాలా బడుల్లో కనిపించేవే. నేను తెలుసుకోగోరేది గిత్త సంగతి. పాత టీసీల మీది రబ్బరు ముద్రలో గిత్త స్థానంలో తాటిచెట్టు ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మా ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి, ఈ మార్పు అప్పుడే జరిగిందా, లేక మెట్ట సేద్యానికి గుర్తుగా తర్వాత ఎవరైనా డ్రాయింగు మాస్టారు చేర్చారా? వీడ్కోలు సభలో పదో తరగతివారు ప్రమిద వెలిగించి తొమ్మిదో తరగతివారికి అందించే ఆనవాయితీ (ఇప్పటికీ సాగుతోందని విని ఎంతో సంతోషించాను) చిహ్నం కంటే ముందుదేనా? ఆ కాలపు టీసీ గానీ ప్రోగ్రెస్ కార్డు గానీ ఎవరి దగ్గరైనా ఉంటే, ముద్ర వరకు ఫొటో తీసి దయచేసి పంపగలరు.