ఆర్కెస్ట్రాలో అసిస్టెంట్ కండక్టర్ పోస్టు శిక్షణా, చాకిరీనా?

వెనకవరస:
ఆర్కెస్ట్రాను చేతి సైగలతో నడిపించే కొత్త కండక్టర్లకు అసిస్టెంట్ పోస్టు గొప్ప మెంటరింగ్ అని అందరూ అంటారు. నేను చేసి చూశాను కాబట్టి అడుగుతున్నా, అందులో నేర్పేదేముంది? హాల్లో వెనక స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ రాసి ఉన్న పుస్తకం) పట్టుకుని కూర్చోవడం, బ్రాస్ బాకాల మోతలో సెల్లోల తీగలు వినపడుతున్నాయో లేదో బ్రేక్‌లో పెద్దాయనకు, అంటే చీఫ్ కండక్టర్‌కు, చెప్పడం, ఆయనకు ఎక్కడ జ్వరం వస్తుందోనని ప్రతి ప్రోగ్రామూ చదివి సిద్ధంగా ఉండటం. కండక్టర్ నిలబడే పోడియం ఎక్కేది పిల్లల కచేరీలకే, అదీ ఒక్క రిహార్సల్‌తో. ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సిబేలియస్ అకాడమీలో కండక్టింగ్ నేర్పిన యోర్మా పానులా ఏం చేశాడు? విద్యార్థిని ఆర్కెస్ట్రా ముందు నిలబెట్టి, వీడియో తీసి, తర్వాత అదే చూపించాడు. పేరున్న కండక్టర్లు సలోనెన్, ఒరామో, మొన్నటి మాకెలా అంతా ఆయన శిష్యులే. ఈత నేర్పేవాడు గట్టు మీద కూర్చోబెట్టి నేర్పడు కదా.

రెండో వయోలా:
గట్టు సంగతి సరే, ఆ చెరువు ఆర్కెస్ట్రాలో వాయించే మేమే బాబూ. మీ అకాడమీలో ఉన్నది నేర్చుకోవడానికే పెట్టిన చిన్న ఆర్కెస్ట్రా. మా దగ్గర గురువారం కచేరీ ఉంటుంది, టికెట్లు అమ్ముడైపోయి ఉంటాయి.

ఒక సంగతి చెప్తా. బీథోవెన్ ఐదో సింఫనీ మొదలయ్యేది స్వరంతో కాదు, చిన్న ఖాళీతో. ఆ ఖాళీ మీద దెబ్బ స్పష్టంగా పడితేనే మేమంతా కలిసి అందుకుంటాం. ఒక కుర్ర కండక్టర్ చెయ్యి దించాడు, సగం మంది వాయించారు, సగం మంది ఆగిపోయారు. మళ్లీ చేశాడు, మళ్లీ అంతే. అప్పుడు చేతిలో బ్యాటన్ పుల్ల కింద పెట్టి, ఆ మొదటి స్వరాలు విధి తలుపు తట్టడం అంటారే, దాని గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు! చివరికి మేము అతన్ని చూడటం మానేసి కన్సర్ట్‌మాస్టర్ (మొదటి వయొలిన్ వాయించే పెద్ద) బౌ చూసి వాయించుకున్నాం. మీ నేర్చుకోవడానికి మా రిహార్సల్ ఎందుకు ఖర్చు కావాలి?

పియానోమెట్లు:
ఇద్దరూ పాత దారి మర్చిపోయారు. జర్మన్ ఒపెరా హౌస్‌లో పియానో దగ్గర కూర్చుని గాయకులకు పాఠం చెప్పుకుంటూ పైకి రావడం. తర్వాత పెద్ద కండక్టర్ అయిన కరాయన్ 1929లో ఉల్మ్ అనే చిన్న ఊరి థియేటర్‌లో మొదలుపెట్టాడు. ఇక అసిస్టెంట్ పోస్టు దండగ అనేవాళ్లకు అమెరికన్ కండక్టర్ బెర్న్‌స్టైన్ కథ చాలు. 1943 నవంబర్ 14, ఆ రోజు కండక్ట్ చేయాల్సిన బ్రూనో వాల్టర్‌కు జబ్బు చేసింది, పాతికేళ్ల అసిస్టెంట్ రిహార్సల్ లేకుండా న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ముందు నిలబడ్డాడు. ఆ రోజుతో కథ మారిపోయింది.

వెనకవరస:
రిహార్సల్ లేకుండా అని అందరూ మురిసిపోతారు. ఆ రోజు వాల్టర్ దగ్గరికి వెళ్లి స్కోరు చూసుకున్నాడని రాయరేం? పైగా అంతకు ముందే కర్టిస్ సంగీత కళాశాలలో కండక్టర్ రైనర్ దగ్గర, 1940లో టాంగిల్‌వుడ్ వేసవి శిక్షణలో కండక్టర్ కుసెవిట్స్కీ దగ్గర చేతులు ఊపి వచ్చినవాడు. గట్టు మీద కూర్చుని నేర్చుకోలేదు.

పియానోమెట్లు:
మంచం పక్కన స్కోరు తిరగేయడం రిహార్సల్ అవుతుందా? ఆర్కెస్ట్రాతో ఒక్క బార్ (సంగీతంలో చిన్న ముక్క) కూడా వాయించలేదు. నేను రాసినదాంట్లో తప్పేముంది, చెప్పండి.

వెనకవరస:
తప్పని ఎవరన్నారు? సగమే రాశారు అన్నాను.

చప్పట్లు:
రెండు కచేరీలకు సరిపడా వాదించారు, అసలు ప్రశ్న ఏమైంది?

మూడోగంట:
ఒక్క మాట. ఒకే సైగ మగవాడు చేస్తే అధికారం, ఆడమనిషి చేస్తే ఇంకోటి అనుకుంటారని అమెరికన్ కండక్టర్ మారిన్ ఆల్సప్ ఎన్నోసార్లు చెప్పింది. 2002లో మహిళా కండక్టర్ల కోసం ఫెలోషిప్ పెట్టింది కూడా. పోడియం ఎక్కనిస్తే చాలదు, కింద ఉన్నవాళ్లు ఏం చూస్తున్నారో చెప్పేవాళ్లు ఉండాలి.

రెండో వయోలా:
అది వేరే చర్చ అండీ. నా ప్రశ్నకు జవాబు రాలేదు, ఖర్చు ఎవరిది?

వెనకవరస:
వేరే చర్చ కాదు, ఇదే చర్చ! మీ బీథోవెన్ కుర్రాడికి ఆ రోజు బ్రేక్‌లో ఒక్కరైనా "బాబూ, ఖాళీ మీద దెబ్బ కనిపించడం లేదు" అన్నారా?

రెండో వయోలా:
అది మా పని కాదు. మాకు జీతం వాయించడానికి ఇస్తారు.

వెనకవరస:
అదిగో! మీరు చెప్పరు, పెద్దాయన చెప్పడు. నా సంగతి చెప్పుకుంటే కడుపు చించుకున్నట్టే గానీ చెప్తా. మా చీఫ్ కండక్టర్ సీజన్ అంతా "బాగుంది, బాగుంది" అన్నాడు. కాంట్రాక్టు పొడిగించలేదని ఆఫీసులో చెప్పినప్పుడు తెలిసింది, ప్లేయర్లు నా పని మీద అభిప్రాయాల ఫారాలు నింపారట. ఏం రాశారో నేటికీ చూపించలేదు. మీ రిహార్సల్ ఖర్చయిందన్న బాధ ఉంది సరే, అంత ఖర్చు పెట్టి నేర్పాల్సింది నేర్పకుండా వదిలేయడానికేనా?

రెండో వయోలా:
ఫారాలు చూపిస్తే ఎవరు రాస్తారు? ఈ రోజు అసిస్టెంట్, పదేళ్లకు మా చీఫ్ అయి వస్తాడు. నా కుర్చీ ఎక్కడ ఉండాలో అతను నిర్ణయిస్తాడు. ఒకసారి మొహం మీద చెప్పి చూశాను, ఆ తర్వాత ఆ పెద్దమనిషి వచ్చిన ప్రతిసారీ ఏం జరిగిందో ఇక్కడ రాయను.

చప్పట్లు:
పేర్లు తీసేసి చూపిస్తే సరిపోయె.

రెండో వయోలా:
"బాసూన్ సోలోకి క్యూ ఇవ్వడు" (అంటే ఆ ఊదే వాద్యం ఒంటరిగా వాయించే చోట సైగ చేయడు) అని రాస్తే రాసిందెవరో తెలీదా? మా దగ్గర బాసూన్లు ఇద్దరే.

వెనకవరస:
ఎవరు రాశారన్నది నాకెందుకండీ. ఆ ముక్క సీజన్ మొదట్లో నా చెవిన పడితే మర్నాటి రిహార్సల్‌లోనే బాసూన్‌కు క్యూ అందేది.