లంబసింగి క్యాంపింగ్: ఉమ్మడి డబ్బుతో కుర్చీలా, మ్యాట్‌లా?

విశాఖ_చలి: జనవరిలో పది మందిమి రెండు కార్లలో లంబసింగి వెళ్తున్నాం, రెండు రాత్రులు. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు ఉన్నాయి. మనిషికి 600 చొప్పున 6,000 పోగయ్యాయి. ఆరు మడత కుర్చీలు కొందామని సగం మంది, పది ఫోమ్ మ్యాట్‌లు కొందామని సగం మంది. మా బావగారికి మోకాళ్ల నొప్పి. ఏం కొనమంటారు?

పెన్నాతీరం: మ్యాట్‌లే. అక్కడ తెల్లవారుజామున 5 డిగ్రీల లోపు కూడా పడుతుంది. పడుకుంటే ఒంటి బరువుకి బ్యాగు కింది భాగం అణిగిపోతుంది, అందులో గాలి నిలవదు, నేల చలి నేరుగా నడుముకి తగులుతుంది. పైన రెండు దుప్పట్లు కప్పినా లాభం లేదు.

కొండగాలి: పడుకునేది ఐదు గంటలు. మంట దగ్గర కూర్చునేది ఆరు గంటలు. కుర్చీలు కొనండి.

అరకు_పిల్ల: మనిషికో హెడ్‌ల్యాంప్ ఉందా? రాత్రి బయటికి వెళ్లాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

పెన్నాతీరం: కొండగాలి గారూ, నిద్ర లేకపోతే పొద్దున మంచు చూడటానికి లేచేదెవరు? కుర్చీ నడుముకి వెచ్చదనం ఇస్తుందా?

కొండగాలి: వెచ్చదనం మంట ఇస్తుంది. నేను కూర్చోవడం గురించి చెప్తున్నాను.

సీలేరు_వాసి: చలిగా ఉందని కుంపటి టెంట్‌లోకి తీసుకెళ్లకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

పెన్నాతీరం: కూర్చోవడానికి తాటాకు చాప చాలు. మన తాతలు కుర్చీలు మోసుకుని అడవికి వెళ్లారా?

మన్యం_దారి: స్లీపింగ్ బ్యాగు ఎంత చలి వరకు ఆగుతుందో దాని మీద రాసిన అంకెలు కూడా చూసుకోండి. 'కంఫర్ట్' అని రాసిన డిగ్రీ ఆడవాళ్ల లెక్క, 'లిమిట్' మగవాళ్ల లెక్క. మా గుంపులో లిమిట్ చూసి అందరికీ ఒకటే రకం తెచ్చారు. మగవాళ్లు గురక పెట్టారు, నేనూ మా చెల్లీ రెండు జతల సాక్సులు వేసుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. మ్యాట్‌లు ముందు ఆడవాళ్లకి ఇవ్వండి.

కొండగాలి: చాప చాలు అన్నారుగా. నా కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. నేల మీద కూర్చోలేను, కూర్చుంటే ఇద్దరు లేపాలి. పోయినసారి అందరూ మంట చుట్టూ చాప వేసుకుని పాటలు పాడుతుంటే నేను కారులో తలుపు తెరుచుకుని కూర్చున్నాను. పాట వినిపించింది, మాటలు వినపడలేదు. తాతల సంగతి నాకు చెప్పకండి.

పెన్నాతీరం: అది మీ ఒక్కరి సమస్య. ఉమ్మడి డబ్బు పది మందిది.

మన్యం_దారి: అలా అనడం బాగాలేదండీ.

పెన్నాతీరం: బాగాలేకపోయినా నిజం. ఉమ్మడి అంటే ఏంటో నేను చూశాను. నిరుడు గుంపు కోసమని నా సొంత మ్యాట్‌లు నాలుగు ఇచ్చాను. రెండే తిరిగొచ్చాయి. ఒకదానికి నిప్పురవ్వ పడి రూపాయి బిళ్లంత కన్నం, అంచంతా నల్లగా గట్టిపడింది. ఎవరిని అడిగినా నేను కాదంటే నేను కాదు. అందుకే అందరికీ కావాల్సిందే కొనండి, ఎవరిది వాళ్లు చూసుకుంటారు అంటున్నాను.

కొండగాలి: ఇది ముందే చెప్తే సరిపోయేది. మీ మ్యాట్‌లు పోగొట్టింది నేను కాదు.

విశాఖ_చలి: మ్యాట్ 500కి దొరుకుతోంది. పదింటికి 5,000. మిగిలిన వెయ్యికి బావగారికి ఒక కుర్చీ తీసుకుంటే?

కొండగాలి: అందరూ కింద కూర్చుంటే ఆయనొక్కరే కుర్చీలో కూర్చుంటారా? కూర్చోరు. నాకు తెలుసు. 'నేను నిలబడతాలే' అంటారు.

మన్యం_దారి: ఒకదాంట్లో ఒకటి ఇమిడే ప్లాస్టిక్ స్టూళ్లు ఇళ్లలో ఉంటాయి కదా. తలా ఒకటి రెండు తెస్తే డిక్కీలో ఒక మూలన సరిపోతాయి. ఆయనకి వీపు ఆనే కుర్చీ, మిగతావాళ్లకి స్టూళ్లు. కింద ఎవరూ కూర్చోవద్దు.

కొండగాలి: అది సరే.

పెన్నాతీరం: స్టూళ్లకి నాకేం అభ్యంతరం లేదు. మ్యాట్‌ల మీద మాత్రం పెయింట్‌తో పేర్లు రాయండి, ఇంటికెళ్లే రోజు ఎవరిది వాళ్లకి చేతికివ్వండి.